దారి చూపే యంత్రం కొనేముందు

గత చలికాలంలో మార్కాపురంలో దగ్గరి బంధువుల ఇంట నికాహ్‌కు వెళ్లి, కారులో హైదరాబాదుకు తిరుగు ప్రయాణమయ్యాము. మగ్రిబ్ నమాజు ముగించుకొని బయలుదేరాము. దోర్నాలలో భోజనం చేసి, రాత్రి 9 గంటలలోగా నల్లమల అటవీ గేటు దాటాలన్నది మా ఆలోచన. పులుల సంరక్షణ కోసం ఆ అడవి గుండా పోయే రహదారిని రాత్రి 9 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు మూసి ఉంచుతారు. భోజనానికి ఇక అరగంటే వ్యవధి ఉన్నదన్న లెక్కతో, మధుమేహంతో బాధపడుతున్న మా అమ్మీ కారులోనే ఇన్సులిన్ వేసుకున్నారు.

కొంత దూరం పోయాక, ఫోన్‌లోని పటం మమ్మల్ని పెద్ద రోడ్డు విడిచి ఒక పల్లె దారిలోకి మళ్లించింది. దగ్గరి దారి కాబోలు అనుకున్నాము. రెండు ఊళ్లు దాటేసరికి సిగ్నల్ పోయింది. తెరపై నీలిరంగు చుక్క మాత్రం మిగిలింది. దాని చుట్టూ రోడ్డు లేదు, ఊరు లేదు, అంతా బూడిద రంగు. ఆ దారి ఒక చెరువు కట్ట దగ్గర ఆగిపోయింది. వెనక్కి తిరిగి, ఒక చీలిక దగ్గర మళ్లీ పొరబడి, గంటకు పైగా పొలాల మధ్య తిరిగాము. వెనుక సీటులో అమ్మీ మాటలు తడబడటం మొదట మా శ్రీమతి గమనించింది. ఒళ్లంతా చెమటలు, చేతుల్లో వణుకు. ఇన్సులిన్ పడింది, అన్నం పడలేదు. రక్తంలో చక్కెర పడిపోయింది. నికాహ్‌లో పంచిన ఖర్జూరాల పొట్లం ఆమె చేతిసంచిలో ఉండటం అల్లాహ్ దయ. నాలుగు తినిపించి, కొంత సేపటికి ఆమె తేరుకున్నాక, దారిన వస్తున్న ఒక పాల వ్యాపారిని అడిగి దోర్నాల చేరుకునేసరికి 9 గంటలు దాటింది. గేటు మూసి ఉన్నది. ఆ రాత్రి ఒక టీ దుకాణం బల్లల మీద గడిచింది.

తెల్లవారి ఇల్లు చేరగానే మేము చేసిన తీర్మానం ఒక్కటే: కారులో పెట్టుకునే జీపీఎస్ యంత్రం ఒకటి కొనాలి. అయితే కొనడానికి బయలుదేరిన తరువాతనే ఈ విషయంలో మాకు ఎంత తక్కువ తెలుసునో అర్థమైంది. రెండు నెలల పాటు దుకాణాలు తిరిగి, తెలిసినవారిని అడిగి, పొరపాట్లు చేసి నేర్చుకున్న విషయాలను పాఠకుల ముందు ఉంచుతున్నాము.

ఫోన్ ఉండగా వేరే యంత్రం దేనికి?

ఇది మొట్టమొదట వేసుకోవలసిన ప్రశ్న. అవసరం లేని వస్తువు మీద ధనం వెచ్చించడం దుబారా. కనుక ఆ రాత్రి మా ఫోన్ ఎందుకు విఫలమైందో ముందుగా తెలుసుకోవాలనుకున్నాము. తెలిసిన సంగతి మమ్మల్ని ఆశ్చర్యపరచింది: మా ఫోన్‌లోని జీపీఎస్ ఆ రాత్రి ఒక్క క్షణం కూడా విఫలం కాలేదు.

ఫోన్ తాను ఉన్న చోటును ఉపగ్రహాల నుండి తెలుసుకుంటుంది. దానికి సెల్ టవరు గాని, ఇంటర్నెట్ గాని అవసరం లేదు. ఆ నీలిరంగు చుక్క మేము నిలిచిన చోటును సరిగానే చూపింది. లోపించింది పటం. ఫోన్‌లోని పటాలు సాధారణంగా ప్రయాణం సాగుతుండగా ముక్కలు ముక్కలుగా ఇంటర్నెట్ ద్వారా దిగుతుంటాయి. సిగ్నల్ పోగానే పటం రావడం ఆగిపోతుంది. దారి తప్పితే కొత్త దారి లెక్కించడమూ కుదరదు.

కారు కోసమే తయారైన యంత్రానికీ ఫోన్‌కూ గల ప్రధానమైన తేడా ఇక్కడే ఉన్నది. ఆ యంత్రంలో దేశమంతటి పటం ముందే నిక్షిప్తమై ఉంటుంది. దారి లెక్కించే పని కూడా దానిలోనే జరుగుతుంది. నల్లమల నడిమధ్యనైనా, బస్తర్ అడవుల్లోనైనా అది పనిచేస్తుంది.

అయితే ఈ సౌకర్యాన్ని ఫోన్‌కు కూడా కల్పించవచ్చు. ప్రసిద్ధమైన పటాల యాప్‌లు చాలావాటిలో ఒక ప్రాంతపు పటాన్ని ముందుగా దింపుకొని ఉంచే ఏర్పాటు ఉన్నది. ఇంట్లో వైఫై ఉన్నప్పుడు, ప్రయాణానికి ముందు రోజు, మీరు పోయే జిల్లాల పటాలు దింపుకోండి. ఖర్చు ఏమీ లేదు. ఆ పని చేసి ఉంటే ఆ రాత్రి మాకు ఆ కష్టం తప్పేది. ఏడాదికి రెండు మూడు సార్లు మాత్రమే దూర ప్రయాణం చేసే కుటుంబానికి ఇదే చాలును. ఇంకా మంచిది, ఇంట్లో మూలన పడి ఉన్న పాత ఫోన్‌లో సిమ్ లేకుండానే పటాలు నింపి, దానిని కారుకే కేటాయించడం.

మరి వేరే యంత్రం ఎవరికి అవసరం? టాక్సీ, సరకు రవాణా వాహనాలు నడిపేవారికి. బుకింగుల కోసం ఫోన్ ఎప్పుడూ మోగుతూ ఉండేవారికి. ఫోన్ వాడకం అలవాటు లేని పెద్దలకు. సిగ్నల్ అందని ప్రాంతాల్లో తరచు తిరిగేవారికి. మా పెద్దన్నయ్య టాక్సీ నడుపుతారు. కూడలి దగ్గర సరిగ్గా మలుపు తిరగవలసిన సమయానికి ఎవరో ఒకరు ఫోన్ చేయడం, తెరపై పటం మాయం కావడం ఆయనకు నిత్యానుభవం. ఎండాకాలంలో అద్దం దగ్గర పెట్టిన ఫోన్ వేడెక్కి ఆగిపోవడం మరొక బాధ. అందువల్ల యంత్రం కొనవలసింది మా కోసం కాదు, ఆయన కోసమని తేల్చుకున్నాము.

ఆకాశం నుండి అందే సమాచారం

కొనబోయే వస్తువు ఎలా పనిచేస్తుందో తెలిస్తే, దుకాణదారుని మాటల్లో సత్యమెంతో తూచుకోవచ్చు. జీపీఎస్ అమెరికా రక్షణ శాఖ నెలకొల్పిన వ్యవస్థ. తొలి ఉపగ్రహాన్ని 1978లో ప్రయోగించారు. 1995 నాటికి వ్యవస్థ పూర్తి స్థాయిలో పనిచేయడం ఆరంభించింది. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఈ ఉపగ్రహాల్లో పరమాణు గడియారాలు ఉంటాయి. ప్రతి ఉపగ్రహం తాను ఎక్కడ ఉన్నదీ, ఇప్పుడు సమయం ఎంత అయినదీ ఎడతెగకుండా ప్రకటిస్తూ ఉంటుంది. ఆ సంకేతం కాంతి వేగంతో ప్రయాణించినా మన దగ్గరకు చేరడానికి సెకనులో దాదాపు పదిహేనో వంతు కాలం పడుతుంది. ఆ ఆలస్యాన్ని కొలిచి మన యంత్రం ఉపగ్రహం ఎంత దూరాన ఉన్నదో లెక్క కడుతుంది. మూడు ఉపగ్రహాల దూరాలతో మన చోటు తెలుస్తుంది. మన యంత్రంలోని సాధారణ గడియారపు లోపాన్ని సరిదిద్దడానికి నాలుగవది కావాలి. సమయంలో సెకనులో పది లక్షల వంతు తేడా వస్తే, దూరంలో 300 మీటర్ల తేడా వస్తుంది.

2000 సంవత్సరం మే నెల వరకు సామాన్యులకు అందే సంకేతంలో అమెరికా ఉద్దేశపూర్వకంగా కొంత లోపాన్ని కలిపేది. ఆ ఆటంకాన్ని తొలగించిన తరువాతనే కార్లలో వాడదగిన ఖచ్చితత్వం లోకానికి అందింది. గార్మిన్, టామ్‌టామ్ వంటి సంస్థల యంత్రాలు ఇంటింటికీ చేరాయి. నేడు జీపీఎస్ ఒక్కటే కాదు. రష్యాకు గ్లోనాస్, ఐరోపాకు గెలీలియో, చైనాకు బైడూ ఉన్నాయి. మన దేశానికి నావిక్ ఉన్నది. 2013 నుండి 2016 వరకు ఏడు నావిక్ ఉపగ్రహాలను మన శ్రీహరికోట నుండే ప్రయోగించారు. వాటిలో మొదటి దానిలోని మూడు పరమాణు గడియారాలూ చెడిపోయాయి. 2023 మే నెలలో కొత్త తరం ఉపగ్రహాన్ని పంపారు. యంత్రం పెట్టెపై ఈ పేర్లలో ఎన్ని ఎక్కువ ఉంటే అంత మేలు. ఎత్తైన భవనాల నడుమ, కొండ మలుపుల్లో ఒక వ్యవస్థ ఉపగ్రహాలు కనబడకున్నా మరొకదానివి ఆదుకుంటాయి.

దుకాణంలో ఒకే పేరు, మూడు వస్తువులు

హైదరాబాదులో ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్, కోఠి గుజరాతీ గల్లీ, సికింద్రాబాదు చినాయ్ ట్రేడ్ సెంటర్ తిరిగాము. ‘జీపీఎస్ కావాలి’ అనగానే ఒక దుకాణదారుడు అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి మా ముందు పెట్టాడు. తెర లేదు, పటం లేదు.

“ఇది దారి ఎలా చూపుతుంది భాయ్?” అని అడిగాము.

“దారి మీకు చూపదు సాబ్, మీ బండి ఎక్కడున్నదో మీ ఫోన్‌కు చూపుతుంది,” అన్నాడతడు.

అది ట్రాకర్. నేడు మన బజారులో ‘జీపీఎస్’ అంటే పదింట ఎనిమిది మంది ఇదే తీసి ఇస్తున్నారని మాకు అనిపించింది. 2019 జనవరి నుండి కొత్తగా నమోదయ్యే ప్రజా రవాణా వాహనాలకు ఏఐఎస్-140 ప్రమాణం గల ట్రాకరును, ఆపద వేళ నొక్కే మీటను తప్పనిసరి చేయడంతో దీని వాడకం పెరిగింది. దానికి సిమ్ ఉంటుంది, ఏటా రుసుము కట్టాలి. దొంగతనం జరిగితే ఉపయోగపడుతుంది. దారి చూపడంతో దానికి సంబంధం లేదు.

రెండవది, కారు డ్యాష్‌బోర్డులో బిగించే పెద్ద ఆండ్రాయిడ్ తెర. పాటలు, వెనుక కెమెరా, పటాలు అన్నీ ఉన్నాయని చూపుతారు. దానిలోని పటం చాలావరకు ఫోన్ నుండి ఇంటర్నెట్ తీసుకొని నడిచేదే. సిగ్నల్ లేని చోట దానికీ మన ఫోన్ గతే పడుతుంది. పైగా బిగించడానికి తీగలు కోయవలసి వస్తే, కారు తయారీదారు ఇచ్చిన హామీకి భంగం కలగవచ్చు.

మూడవది, మేము వెతుకుతున్నది: అద్దానికి రబ్బరు మూతతో అంటుకొని, సిగరెట్ లైటర్ సాకెట్ నుండి విద్యుత్తు తీసుకొని, ఒక కారు నుండి మరో కారుకు మార్చుకోదగిన నావిగేటర్. దీనిని అడిగేటప్పుడు ‘పటం లోపలే ఉండే నావిగేటర్’ అని విడమరచి చెప్పాలి. చాలా దుకాణాల్లో ఇది దొరకలేదు. “ఇప్పుడు ఎవరు కొంటున్నారు సాబ్?” అన్న జవాబే వచ్చింది. ఆ మాట కొట్టివేయదగినది కాదు. అమ్మకాలు తగ్గిన వస్తువుకు రేపు మరమ్మతు, పటాల నవీకరణ దొరుకుతాయా అన్నది కొనేవాడు ముందే అడగవలసిన ప్రశ్న.

గల్ఫ్ నుండి వచ్చే కానుక

విషయం తెలిసి, జిద్దాలో ఉన్న మా బావమరిది, “అక్కడ వెతకడం దేనికి, ఇక్కడి నుండి నేనే పంపుతాను,” అన్నాడు. గల్ఫ్‌లో మనవారు లేని ఊరు మన రెండు రాష్ట్రాల్లో అరుదు గనుక ఈ మాట చాలా ఇళ్లలో వినబడేదే. కాని కాస్త ఆగాలి.

ఆ యంత్రంలో ఏ దేశాల పటం ఉన్నదో చూడాలి. మధ్య ప్రాచ్యంలో అమ్మే యంత్రాల్లో సాధారణంగా ఆ ప్రాంతపు పటమే ఉంటుంది. అది రియాద్ నుండి మక్కా దాకా ప్రతి మలుపూ చెబుతుంది. కర్నూలులో దిగగానే మూగబోతుంది. భారతదేశపు పటాన్ని వేరుగా కొని వేయవచ్చునా, దానికి ఎంత అవుతుంది అన్నది పంపకముందే తేల్చుకోవాలి. రెండూ కలిపితే ఇక్కడ కొన్నదానికన్నా ఎక్కువ కావచ్చు. హామీ కూడా కొన్న దేశానికే పరిమితమై ఉండవచ్చు.

ఇంతకన్నా ముఖ్యమైన హెచ్చరిక మరొకటి. జీపీఎస్ యంత్రం సంకేతాలను స్వీకరించేదే గాని పంపేది కాదు. అది కారులో ఉండటం ఏ తప్పూ కాదు. కాని కొన్ని సంస్థలు అదే ఆకారంలో, అదే పేరుతో, ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే యంత్రాలను కూడా అమ్ముతున్నాయి. ఉపగ్రహ ఫోన్లను, ఇటువంటి సందేశ యంత్రాలను ప్రభుత్వ టెలికాం శాఖ ముందస్తు అనుమతి లేకుండా మన దేశంలోకి తీసుకురావడం, వాడటం నేరం. తెలియక తెచ్చి విమానాశ్రయాల్లో కేసుల్లో చిక్కుకున్నవారు ఉన్నారు. కానుక పంపే సోదరులు పెట్టెపై ఉన్న వివరాలను రెండు సార్లు చదవడం మంచిది.

మా బావమరిది మంచి మనసుతో చేసిన ప్రతిపాదనను ఈ కారణాలు చెప్పి వారించాము. అతడు నొచ్చుకోలేదు. “అయితే ఆ డబ్బుతో అమ్మీకి గ్లూకోమీటర్ కొనండి,” అన్నాడు. కొన్నాము.

కొనేటప్పుడు చూడవలసినవి

అంతకు ముందు ఏడాది మా మిత్రుడొకరు తొందరపడి, పెట్టె మీది బొమ్మను నమ్మి ఒక యంత్రం కొని, వారం తిరక్కముందే అలమారలో పెట్టేశారు. ఆయన చెప్పిన లోపాలు, మేము గమనించినవి కలిపితే ఈ జాబితా తయారైంది.

మొదటిది, పటం వయస్సు. యంత్రం ఎంత కొత్తదైనా పటం పాతదైతే ప్రయోజనం లేదు. దీనికి మన రాష్ట్రాల్లో సులువైన పరీక్ష ఉన్నది. తెలంగాణలో 10 జిల్లాలు 2016 అక్టోబరులో 31, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్‌లో 26 అయ్యాయి. దుకాణంలోనే ములుగు, నంద్యాల, బాపట్ల జిల్లాలను వెతికించండి. వాటిని జిల్లాలుగా గుర్తించని పటానికి కొత్త బైపాసులు, కొత్త వంతెనలు తెలిసి ఉండటం సందేహమే. నవీకరణ ఎన్నేళ్లు ఉచితమో రసీదు మీద రాయించుకోండి. ‘జీవితకాలం’ అని రాసి ఉంటే ఎవరి జీవితకాలమో అడగండి. చాలాచోట్ల దాని అర్థం, తయారీదారు ఆ నమూనాకు పటాలు ఇస్తున్నంత కాలం అని మాత్రమే.

రెండవది, ఊళ్ల పేర్లు వెతికే తీరు. మన పేర్లను ఆంగ్ల అక్షరాల్లో పది రకాలుగా రాస్తారు. ‘షేక్‌పేట’లో ఒక అక్షరం మారితే కొన్ని యంత్రాలు చేతులెత్తేస్తాయి. మీ స్వగ్రామం పేరు, మీ వీధి మసీదు పేరు, దగ్గరి ఆసుపత్రి పేరు ఇచ్చి చూడండి. పేరుతో దొరకకున్నా అక్షాంశ రేఖాంశాలు ఇచ్చి వెతికే వీలు తప్పక ఉండాలి. చార్మినారు 17.3616 ఉత్తరం, 78.4747 తూర్పు. చుక్క తరువాత నాలుగు అంకెలు ఉంటే దాదాపు 11 మీటర్ల దాకా చోటును గుర్తించవచ్చు. పెళ్లిపత్రికపై ఫంక్షన్ హాలు చిరునామాతో పాటు ఈ రెండు సంఖ్యలు అచ్చువేస్తే అతిథులకు ఎంతో మేలు.

మూడవది, తెర, స్వరం. మధ్యాహ్నపు ఎండలో తెర కనబడుతుందా అన్నది దుకాణం లోపల తెలియదు. గుమ్మం బయటకు తీసుకువెళ్లి చూడాలి. ఉపగ్రహాలు కూడా కప్పు కింద దొరకవు. కొత్త యంత్రాన్ని మొదటిసారి వెలిగించినప్పుడు ఆకాశం కనబడే చోట పావుగంట కదలకుండా ఉంచాలి. ఉపగ్రహాలన్నింటి పట్టికను పూర్తిగా స్వీకరించడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. ఈ సంగతి తెలియక, ‘చెడిపోయిన సరకు ఇచ్చారు’ అని గొడవపడేవారూ ఉన్నారట. తెలుగులోనో ఉర్దూలోనో దారి చెబుతుందని అంటే అక్కడే వినిపించమనండి.

నాలుగవది, దారి ఎంపిక. ‘అతి తక్కువ దూరం’, ‘అతి తక్కువ సమయం’ అని రెండు మార్గాలు ఉంటాయి. మొదటిదాన్ని ఎంచుకుంటే రెండు కిలోమీటర్లు తగ్గించడానికి పొలం గట్ల మీదకు తీసుకుపోతుంది. ‘మట్టి రోడ్లు వద్దు’ అనే ఏర్పాటు ఉన్నదేమో చూసి, కొన్న రోజే దానిని అమర్చండి. ఆ రాత్రి మా ఫోన్‌లో మాకు లేని జాగ్రత్త ఇదే.

ఐదవది, బ్యాటరీ. ఇటువంటి యంత్రాల బ్యాటరీ కారు విద్యుత్తు లేకుండా కొద్దిసేపే నిలుస్తుంది. అది సహజమే. కాని మే నెల ఎండలో తలుపులు మూసిన కారులో దానిని వదిలితే బ్యాటరీ ఉబ్బి పాడవుతుంది. దిగేటప్పుడు తీసి వెంట తెచ్చుకోవాలి. అద్దం మీద రబ్బరు మూత గుండ్రని మచ్చ వదులుతుంది. లోపల విలువైన వస్తువు ఉన్నదని దొంగకు అదే గుర్తు. మచ్చ తుడిచివేయడం మరువరాదు. ఎండను ఆపే లోహపు పూత గల అద్దాలున్న కార్లలో సంకేతం సరిగా అందదు. మీ కారులోనే ఒకసారి పెట్టి చూశాక డబ్బు చెల్లించండి.

పాతది కొనవచ్చునా?

ఖర్చు తగ్గుతుందని మేము పాత యంత్రాలనూ చూశాము. ఒక చోట చాలా చవకగా ఒకటి దొరికింది. వెలిగించి బయట పెడితే చోటు సరిగానే చూపింది గాని, తేదీ దాదాపు ఇరవై ఏళ్లు వెనుకది చూపింది. దీని వెనుక ఒక కథ ఉన్నది. జీపీఎస్ వ్యవస్థ వారాలను 1,024 దాకా లెక్కపెట్టి తిరిగి సున్నా నుండి ఆరంభిస్తుంది. అంటే సుమారు 19 ఏళ్ల 7 నెలలకు ఒకసారి. 2019 ఏప్రిల్ 6న అది జరిగింది. తయారీదారు ముందుగా సవరించని పాత యంత్రాలు తేదీలో పొరబడ్డాయి. తేదీ తప్పితే సూర్యాస్తమయ వేళ కూడా తప్పుతుంది. పాతది కొనదలచినవారు ముందు తేదీ చూడాలి. తరువాత దాని పటాలు ఇంకా నవీకరణ అవుతున్నాయేమో తయారీదారు సేవా కేంద్రంలో అడగాలి. రెండింటిలో ఏది లేకున్నా వదిలివేయడమే లాభం.

ఖిబ్లా దిశ, నమాజు వేళలు

ప్రయాణంలో నమాజు వేళ కాగానే మనకు రెండు విషయాలు తెలియాలి: సమయం, ఖిబ్లా దిశ. రెండింటికీ ఆధారం మనం ఉన్న చోటి అక్షాంశ రేఖాంశాలే. మన వద్ద చాలామంది ‘పడమర’ అని సరిపెట్టుకుంటారు. మక్కా 21.42 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, అంటే మనకన్నా ఉత్తరాన ఉన్నది. గోళాకారపు భూమి మీద లెక్కిస్తే హైదరాబాదు నుండి ఖిబ్లా నేరు పడమరకు దాదాపు 13 డిగ్రీలు, విజయవాడ నుండి 14 డిగ్రీలు, కర్నూలు నుండి 15 డిగ్రీలు ఉత్తరం వైపుకు వస్తుంది. కారులోపల ఫోన్ దిక్సూచిని నమ్మరాదు. చుట్టూ ఉన్న ఇనుము ముల్లును తప్పు దారి పట్టిస్తుంది. దిగి, పది అడుగులు దూరం జరిగి చూడాలి.

ఈ లెక్క నేటిది కాదు. దాదాపు వెయ్యేళ్ల క్రితం అబూ రైహాన్ అల్-బీరూనీ నగరాల మధ్య దూరాలను, అక్షాంశ రేఖాంశాలను నిర్ణయించే పద్ధతులపై ఒక గ్రంథమే రచించారు. గజనీ పట్టణం నుండి ఖిబ్లా దిశను ఖచ్చితంగా కనుగొనడం ఆ కృషిలోని ఒక లక్ష్యం. ఒక కొండ ఎత్తును కొలిచి, దాని మీద నుండి దిగంతం ఎంత కోణంలో కిందికి కనబడుతున్నదో చూసి భూమి వ్యాసార్ధాన్ని లెక్కించే పద్ధతిని కూడా ఆయన ఆచరించి చూపారు. ఉపగ్రహం లేదు, పరమాణు గడియారం లేదు. ‘నేను భూమి మీద ఎక్కడ ఉన్నాను’ అన్న ప్రశ్న మాత్రం అదే.

యంత్రం చేతిలో ఉన్నా

చివరకు భారతదేశపు పటం లోపలే ఉన్న ఐదు అంగుళాల నావిగేటర్ ఒకటి, రెండేళ్ల నవీకరణ హామీ రసీదు మీద రాయించుకొని, పెద్దన్నయ్య కోసం తీసుకున్నాము. మా కారుకు మాత్రం పాత ఫోన్‌లో పటాలు నింపి సరిపెట్టాము. మొదటి ప్రయాణానికి ముందు ఇంట్లో కొన్ని నియమాలు పెట్టుకున్నాము. బండి కదిలాక నడిపేవారు తెరను ముట్టరాదు. ఊరి పేరు కొట్టే పని పక్క సీటువారిది. 2020 అక్టోబరు నుండి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం దారి చూసుకోవడం కోసం, అదీ ఏకాగ్రతకు భంగం కలగకుండా మాత్రమే, ఫోన్‌ను వాడటానికి అనుమతి ఉన్నది. యంత్రాన్ని చూపుకు అడ్డం రాకుండా, ఎయిర్‌బ్యాగు తెరుచుకునే చోటు తప్పించి అమర్చాలి. బయలుదేరేముందు దారిలోని పెద్ద ఊళ్ల పేర్లు ఒక కాగితం మీద రాసి పెట్టుకోవాలి. మూసే గేట్లు, కట్టిన వంతెనలు, తెగిన కల్వర్టులు ఏ పటమూ పూర్తిగా చెప్పజాలదు.

చివరి నియమం అమ్మీ పెట్టింది. మందు వేసుకోవడం, భోజనం చేయడం కారు లెక్కతో ముడిపెట్టరాదు. అన్నం కళ్ల ముందుకు వచ్చాకనే సూది.

రంజాన్ తరువాత మళ్లీ మార్కాపురం వెళ్లాము. ఈసారి పగటి వేళనే బయలుదేరాము. నల్లమలలో సిగ్నల్ పోయింది. పాత ఫోన్‌లోని పటం మాత్రం కదులుతూనే ఉన్నది. దోర్నాల దగ్గర అమ్మీ కారు ఆపించి, ఆ రాత్రి బల్లలు ఇచ్చిన టీ దుకాణం ఎక్కడని అడిగారు. పటంలో దాని పేరు లేదు. మా అబ్బాయి తెర మీద వేలు పెట్టి వెతుకుతూనే ఉన్నాడు. “దానిలో ఉండదు బేటా, దిగి అడుగు,” అన్నారు అమ్మీ. వాడు దిగి, ఎదురుగా వస్తున్న ఒకాయనను అడిగాడు. రెండు నిమిషాల్లో దుకాణం దొరికింది. ఆ ఇల్లాలి చేతిలో అమ్మీ ఒక ఖర్జూరాల పొట్లం పెట్టారు. వాడు ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు ఫోన్‌లో గుర్తు పెట్టి, పేరు రాసుకున్నాడు: ‘మన టీ దుకాణం’.